పది నిమిషాల మౌనం

పొద్దున్న ఎనిమిదింటికి నీటి సరఫరా ఫిర్యాదుల విభాగం సూపరింటెండెంటు బూట్ల లేసులు కట్టుకుంటూ భార్యకు మాట ఇచ్చాడు. నెల కిందట ఆఫీసులోనే గుండె పట్టుకుని కూలబడి, నాలుగు రోజులు ఆసుపత్రిలో ఉండి వచ్చిన మనిషి ఆయన. మందుల చీటీ చివర డాక్టరు ఒక వాక్యం రాశాడు: రోజూ పది నిమిషాలు మాట్లాడకుండా కళ్ళు మూసుకుని ఊపిరిని గమనించాలి, మనసులోకి ఏది వచ్చినా తరమకుండా చూడాలి. మాత్రలన్నీ వేళకు మింగాడు గాని, ఆ వాక్యం మాత్రం ఆయనకు గొంతు దిగలేదు.

"ఇవాళైనా కూర్చుంటారా? ఆ ఆంబులెన్సు చప్పుడు నా చెవుల్లోంచి ఇంకా పోలేదు," అంది భార్య. ఎప్పుడూ గట్టిగా విసుక్కునే మనిషి ఆ మాట అంత నెమ్మదిగా అనేసరికి ఆయనకు భయం వేసింది.

"కూర్చుంటాను. పదకొండింటికి, ఆఫీసులోనే."

"ఒట్టు?"

"ఒట్టు."

ఇన్నాళ్ళూ ఎందుకు కూర్చోలేదో ఆమెకు చెప్పలేదు. కళ్ళు మూసుకుంటే చాలు, ఊపిరి సంగతి దేవుడెరుగు, పెద్దాయన ప్రత్యక్షమయ్యేవాడు. పెద్దాయన అంటే ఆ విభాగాన్ని పాతికేళ్ళు నడిపి, పదమూడు నెలల కిందట రిటైరైన అధికారి. ఫైలు కట్టడం దగ్గర్నుంచి పై అధికారి ముందు నోరు కట్టేసుకోవడం దాకా ఈయనకు అన్నీ నేర్పినవాడు. రిటైరయ్యే వారంలో నలుగురి ముందూ, "నువ్వు ఫైలు చదివేలోపు పైపు తుప్పు పట్టిపోతుందిరా," అన్నాడు. అందరూ నవ్వారు. ఈయనకు తల కొట్టేసినట్టయింది. వీడ్కోలు సభకు వెళ్ళలేదు, ఆ తరవాత పలకరించనూ లేదు. తీరా తను ఆసుపత్రిలో పడితే పెద్దాయనే వచ్చి మంచం పక్కన అరగంట కూర్చున్నాడు. ఆ అరగంటా ఈయన నిద్ర నటించాడు. అప్పటినుంచి కళ్ళు మూసుకోవాలంటేనే సిగ్గుగా ఉండేది.

ఆఫీసుకు చేరేసరికి మూడు ఫోన్లు ఒకేసారి మోగుతున్నాయి. ఈ సంతలో ఊపిరి ఆడితేనే గొప్ప, ఇంక గమనించడం కూడానా అనుకుని, తెల్లకాగితం మీద లావుపాటి అక్షరాలతో రాసి తన గది తలుపుకు అంటించాడు: "ఈరోజు పదకొండు గంటలకు పది నిమిషాలు మౌనం. సిబ్బంది సహకరించవలెను." ఎందుకన్నది రాయలేదు. తన గుండె సంగతి తలుపెక్కించడం ఆయనకు ఇష్టం లేదు.

టైపిస్టు అది చదివి గుమ్మంలోనే నిలబడిపోయింది.

"నిజమేనా సార్?"

"ఏం చేస్తామమ్మా. మందులతో అయ్యేది కాదని డాక్టరు చెప్పేశాడు," అన్నాడు ఫైల్లోంచి తల ఎత్తకుండా.

"అయ్యో. ఇంట్లోవాళ్ళెలా ఉన్నారు సార్?"

"ఎలా ఉంటారు? ఒకటే దిగులు."

ఆమె కళ్ళు ఒత్తుకుంటూ వెళ్ళిపోయింది. తన ఆరోగ్యం గురించి ఇంత బాధపడే మనిషి ఆఫీసులో ఒకరున్నారని తెలిసి ఆయన మనసు కరిగిపోయింది.

పోయిందెవరో బయట స్టోర్‌కీపరు తేల్చాడు. "మామూలువాళ్ళకి రెండు నిమిషాలేనండీ. పది నిమిషాలంటే ఎవరో పెద్దాయనే అయ్యుంటాడు."

"పెద్దాయనా!" అంది టైపిస్టు.

అన్న స్టోర్‌కీపరే ఆ మాటకు అదిరిపడ్డాడు. "అవునండోయ్! మొన్న ఆసుపత్రిలో చేరారని విన్నాను."

రెండు వీధుల అవతలే పెద్దాయన ఇల్లు. టైపిస్టు గుండె దిటవు చేసుకుని ఫోన్ చేసింది. కోడలు ఎత్తింది.

"మావయ్యగారిని ఇంటికి తీసుకొచ్చేశారాండీ?"

"పొద్దున్నే తీసుకొచ్చాం. హాల్లో పడుకోబెట్టాం."

"మేమంతా వచ్చి చూడొచ్చా?"

"రండి. ముట్టుకోకుండా దూరం నుంచే చూడండి, డాక్టరు చెప్పారు."

"ఇక్కడ పదకొండింటికి మౌనం పాటిస్తున్నామండీ. మా సూపరింటెండెంటు గారు..." ఆపైన దుఃఖం ఆగక టైపిస్టు ఫోన్ పెట్టేసింది.

పదకొండయింది. సూపరింటెండెంటు కుర్చీలో నిటారుగా కూర్చుని కళ్ళు మూసుకున్నాడు. ఫోన్లు ఆగిపోయాయి. కుర్చీ కదలడం లేదు, దగ్గు లేదు. ఇరవై ఏళ్ళలో ఆ ఆఫీసు అంత నిశ్శబ్దంగా ఉండటం ఆయన ఎరగడు. అలవాటు ప్రకారం పెద్దాయన మనసులోకి వచ్చాడు. ఈసారి తరమలేదు. ఆయన పాటికి ఆయన్ను మంచం పక్కన కూర్చోనిచ్చాడు. ఊపిరి కూడా కాస్త తేలికగా ఆడింది.

ఆరో నిమిషంలో ఎవరో వెక్కారు. కళ్ళు తెరిస్తే, బయట విభాగం మొత్తం తలలు వంచుకుని నిలబడి ఉంది. మధ్య బల్లమీద, వరండా గోడకుండే పెద్దాయన ఫోటో.

అంటే పెద్దాయన పోయాడన్నమాట. అందరికీ తెలుసు, తన గుండెకు జడిసి తనకే చెప్పలేదు. లేచి వెళ్ళి వాళ్ళ పక్కన తలవంచుకుని నిలబడ్డాడు. అది తన కాగితం తెచ్చిన చావేనని ఆయనకు తట్టలేదు.

"మీరు నాలుగు మాటలు చెప్పండి సార్," అంది టైపిస్టు.

"ఆయన నన్ను తిట్టింది ఒక్కసారి, నిలబెట్టింది వందసార్లు," అన్నాడు ఫోటో వైపు చూస్తూ. "నేను ఆ ఒక్కటే దాచుకున్నాను. ఆసుపత్రిలో నన్ను చూడ్డానికొస్తే దొంగనిద్ర పోయాను. ఒక్కసారి కళ్ళు తెరిచి, కూర్చోండి సార్ అని ఉంటే..."

"కూర్చునే ఉన్నాను కదరా," అంది గుమ్మంలోంచి ఒక గొంతు.

ఒక కంటికి కట్టుతో, గోడ పట్టుకుని, రొప్పుతూ పెద్దాయన నిలబడి ఉన్నాడు. స్టోర్‌కీపరు పెట్టిన కేక మూడంతస్తులూ విన్నాయి. టైపిస్టు బీరువాకు కొట్టుకుంది, బీరువా మీది ఫైళ్ళన్నీ కిందికి దూకాయి, మూడు కుర్చీలు వెల్లకిలా పడ్డాయి.

"మీరు... పోలేదా సార్?" అన్నాడు సూపరింటెండెంటు.

"కంట్లో పొర తీశారు, ప్రాణం తియ్యలేదు. నువ్వు పోయావని నేనొచ్చాను! సూపరింటెండెంటు గారు అని ఎవరో ఫోన్లో భోరుమన్నారని కోడలు చెప్పింది. అసలే గుండె జబ్బు మనిషివి. దారంతా ఒంటికంటితో ఏడ్చుకుంటూ వచ్చాన్రా."

సూపరింటెండెంటు వెళ్ళి పెద్దాయన రెండు చేతులూ పట్టుకున్నాడు. "ఆ రోజు నేను నిద్రపోలేదు సార్."

"తెలుసు. నిద్రపోయేవాడెవడూ రెప్పలు అంత గట్టిగా బిగించడు. అందుకే అరగంట కూర్చున్నాను, ఎప్పటికైనా తెరుస్తావని."

తలుపు మీది కాగితం సంగతి తేలేసరికి ఎవరికీ నవ్వాలో ఏడవాలో తెలియలేదు. పెద్దాయన దాన్ని మంచి కంటితో రెండుసార్లు చదివి, లోపల ఒక కుర్చీ లాక్కున్నాడు. "పదిలో ఇంకా నాలుగు నిమిషాలున్నాయి. మూసుకో కళ్ళు. ఈసారి నిజంగా."

ఇద్దరూ ఎదురెదురుగా కూర్చుని కళ్ళు మూసుకున్నారు.

ఆ పూట ఫిర్యాదుల పుస్తకంలో ఎక్కింది ఒక్కటే ఫిర్యాదు, కింది అంతస్తువాళ్ళది: పైన మౌనం పాటించువారు కాస్త మెల్లగా పాటించవలెను.