దుందుభిరావు రక్షరేకుల తీర్మానం

ఒక పెద్ద అడవిలో అందరికీ సరిపడా చెట్లున్నాయి గానీ, ఎండాకాలం వస్తే అందరికీ సరిపడా నీళ్ళు మాత్రం లేవు. ఆ అడవికీ పక్కనున్న కొండ అడవికీ మధ్య ఉన్నది ఒక్కటే మడుగు. ముందు ఎవరు తాగాలని ఏటా కొట్లాట. కొమ్ములు విరిగేవి, చెవులు తెగేవి. తీరా నీళ్ళ దగ్గరికి చేరేసరికి వంగి తాగే ఓపిక ఎవరికీ మిగిలేది కాదు.

చివరికి రెండు అడవుల పెద్దలూ కూర్చుని ఒక ఒప్పందానికొచ్చారు. ఇక మీదట యుద్ధం ఫోన్లో, కోటలు కూల్చే ఆటగా. అడవి చూడ్డానికొచ్చే మనుషుల దగ్గర కోతులు "సేకరించిన" ఫోన్లు ఎలాగూ బోలెడున్నాయి. అటు అయిదుగురు, ఇటు అయిదుగురు. ఎవరి కోట కూలితే వాళ్ళు ఆ వేసవంతా అవతలివాళ్ళు తాగి వెళ్ళాక మిగిలిన బురద తాగాలి.

మన అడవి జట్టు నాయకురాలు తరళ అనే ముంగిస. వేలు ఎంత చురుకో నోరూ అంతే దురుసు. జట్టులో అందరికంటే ముందు నిలబడి దెబ్బలు కాచేవాడు డిప్పయ్య అనే తాబేలు. పుట్టుకతో వచ్చిన డిప్ప చాలదన్నట్టు, ఆటలో కూడా మూడు ఇనప కవచాలు తొడుక్కుంటే గానీ కోట గుమ్మం దిగడు.

ఆ ఏడు అసలు పోటీకి ముందు ఒక సన్నాహక ఆట పెట్టారు. కొండ అడవి నాయకురాలు జవ్వాది అనే పునుగుపిల్లి. అది మంత్రగత్తె వేషంలో దిగి, దూరం నుంచే నీలి మంటలు విసిరింది. డిప్పయ్య తెర మీద కాలి బొగ్గయ్యాడు. మళ్ళీ లేచాడు, మళ్ళీ బొగ్గయ్యాడు.

"అమ్మాయ్, మూడు కవచాలేసుకున్నాను. ఒక్కటీ ఆపలేదేమే?" అన్నాడు బిక్కమొహం వేసుకుని.

"కవచం కత్తిని ఆపుతుంది బాబాయ్, గొడ్డలిని ఆపుతుంది. మంత్రం దానికి ఆగదు. మంత్రాన్ని ఆపాలంటే రక్షరేకు కట్టుకోవాలి. ఆ రేకు మళ్ళీ కత్తిని ఆపదు. దేని పని దానిదే."

"అయితే రెండూ కట్టుకుంటాను."

"చోటు ఆరింటికే. అందులోనే కొట్టడానికి ఆయుధం కూడా పెట్టుకోవాలి."

సన్నాహక ఆటలో ఓడిపోయామన్న వార్త పొద్దుగూకేలోగా అడవంతా పాకింది. క్రీడాసంఘం అత్యవసరంగా సమావేశమైంది. సంఘానికి అధ్యక్షుడు దుందుభిరావు అనే అడవిదున్న. ఆయన జన్మలో ఫోను ముట్టుకోలేదు గానీ, ఆటల గురించి ఎప్పుడు మాట్లాడినా "మా రోజుల్లో" అంటూ మొదలుపెట్టేవాడు. కార్యదర్శి ఒక తొండ. ఎవరేమన్నా తల ఊపడమే దాని ఉద్యోగం.

"మనం ఎందుకు ఓడాం?" గర్జించినంత పనిచేశాడు దుందుభిరావు.

"మంత్రం వల్లనండి," అంది తొండ తల ఊపుతూ.

"మంత్రాన్ని ఆపేదేమిటి?"

"రక్షరేకండి."

"అయితే ప్రతి ఆటగాడూ ఆరు చోట్లా ఆరు రక్షరేకులే కట్టాలి. తీర్మానం రాసుకో."

తరళ చివాల్న లేచింది. "అయ్యా, ఒక్క మాట. మొదటి రేకు మంత్రం దెబ్బలో సగం ఆపుతుంది. రెండోది కడితే మిగిలిన సగమూ ఆగిపోదు, అందులో కొంతే ఆగుతుంది. మూడోది ఇంకా కొంచెం. ఆరోదానికొచ్చేసరికి ఉన్నా లేకపోయినా తేడా కూడా తెలీదు. ఎన్ని కట్టినా మొత్తం దెబ్బ ఎప్పటికీ ఆగదు. పైగా చేతిలో ఆయుధం లేకుండా వాళ్ళ కోట ఎలా కూలుస్తాం?"

"కార్యదర్శీ, ఒక రేకు సగం ఆపితే రెండు రేకులు ఎంత ఆపుతాయి?"

"మొత్తం ఆపుతాయండి."

"విన్నావా?" అన్నాడు అధ్యక్షుడు తరళతో. "రెండింటితోనే పని అయిపోతుంటే నేను ఆరు ఇస్తున్నాను. ఇంకేం కావాలి నీకు?"

"వాళ్ళు ఈసారి మంత్రంతోనే వస్తారని ఏముందండీ? ఆటలోకి దిగాక ఎవరెలా కొడుతున్నారో చూసి, దాన్నిబట్టి కట్టుకోవాలి."

"చూసి కట్టుకోవడమేంటమ్మా? చూసి కట్టుకునే పనైతే ఇక సంఘం ఎందుకు?"

ఆ ప్రశ్నకి తరళ దగ్గర మంచి జవాబే ఉంది. పక్కనుంచి డిప్పయ్య కాలు తొక్కడంతో మింగేసింది.

తీర్మానం ఊరికే ఉంటే ఎవరికి తెలుస్తుంది? అందుకని రక్షరేకుల మహోత్సవం పెట్టారు. ఏనుగులు బాకాలు ఊదాయి. నెమళ్ళు ఆడాయి. చిలకలు "ఆరు రేకులు! ఆరుకి ఆరూ రేకులే!" అని అరుచుకుంటూ ఊరేగాయి. దుందుభిరావు మెడలో దండలు కొమ్ముల ఎత్తుకి లేచాయి. చిలకలకి సరిహద్దులు తెలీవు కాబట్టి ఆ ఉత్సాహంలో కొండ అడవి మీంచి కూడా రెండు చుట్లు తిరిగి వచ్చాయి.

జవ్వాది తలెత్తి వింది. తన జట్టులోని అడవిపందుల్ని పిలిచింది. "అబ్బాయిలూ, మీరు నలుగురూ గొడ్డళ్ళు పట్టండి. నేను వెనకాల ఓ మూల కూర్చుంటాను. వాళ్ళకి కొట్టడానికి ఆయుధాలు లేవట. మనకి కవచాలు కూడా దండగే. ఉన్న చోటంతా గొడ్డళ్ళతో నింపెయ్యండి."

అసలు పోటీ రోజు మడుగు గట్టు మీద రెండు అడవులూ కిక్కిరిశాయి. మన అయిదుగురూ ఒళ్ళంతా రేకులు మెరిపిస్తూ కోట దిగారు. ఎదురుగా నాలుగు గొడ్డళ్ళు.

మొదటి వేటుకే డిప్పయ్య పడ్డాడు. లేచి రెండడుగులు వేశాడో లేదో మళ్ళీ పడ్డాడు. "అమ్మాయ్, రేకులు భలే మెరుస్తున్నాయే. నేను మాత్రం చచ్చిపోతున్నాను!"

మన కోట బయటి బురుజు కూలింది. గట్టు మీద పిల్లలు తల్లుల వెనక నక్కారు. వేసవంతా బురదేనని వాళ్ళకి కూడా అర్థమైపోయింది.

"కార్యదర్శిగారూ, కవచాలు కట్టుకుంటాం!" అని అరిచింది తరళ.

"తీర్మానం సవరించాలంటే సమావేశం జరగాలమ్మా," అంది తొండ. "సమావేశానికి అధ్యక్షులవారు కావాలి. అధ్యక్షులవారు ముఖ్య అతిథులతో మాట్లాడుతున్నారు."

రెండో బురుజు కూలింది. ఇక మిగిలింది కోట తలుపే.

తరళకి ఒళ్ళు మండింది. "బాబాయ్, ఇటు చూడు. కోటలోకి వెనక్కి రా. రేకులు తీసి పడెయ్. కవచాలెయ్యి."

"సంఘం సంజాయిషీ అడుగుతుందే!"

"బురద తాగుతూ రాద్దువుగాని సంజాయిషీ. రా!"

డిప్పయ్య ఒకసారి గట్టు మీదున్న తన మనవల వైపు చూశాడు. గబగబా వెనక్కి నడిచాడు, తాబేలు నడవగలిగినంత గబగబా. అయిదు రేకులు తీసేసి ఆరోదాని మీద చెయ్యి వేశాడు.

"ఆ ఒక్కటీ ఉంచు," అంది తరళ. "జవ్వాది ఊరికే కూర్చునే రకం కాదు."

డిప్పయ్య తలుపుకి అడ్డంగా నిలబడ్డాడు. గొడ్డళ్ళు కవచాల మీద ఖణేల్ ఖణేల్‌మన్నాయి. పందులు ఎంత కొట్టినా ఈసారి తాబేలు పడలేదు. మూలనున్న జవ్వాది కంగారుపడి నీలి మంట విసిరింది. ఉన్న ఒక్క రేకూ అందులో సగాన్ని మింగేసింది. మిగతా సగానికి డిప్పయ్య వీపు కాస్త కమిలిందంతే.

ఆ సందులో తరళ, మిగతా ముగ్గురూ కోటలోకెళ్ళి రేకులు అవతల పారేసి కత్తులందుకున్నారు. ఒంటి మీద ఒక్క కవచం కూడా లేని పందులు పండిన నేరేడుపళ్ళలా రాలిపోయాయి. అవి తిరిగి లేచేలోగా జట్టు పరుగెత్తుకెళ్ళి కొండ అడవి కోట కూల్చేసింది.

గట్టు మీద ఒకటే కేకలు. డిప్పయ్య మనవలు తాతని వెల్లకిలా తిప్పి మరీ ముద్దులు పెట్టారు. అది ప్రేమేనని తెలిసినా ఆయనకి తిరగబడ్డానికి చాలాసేపు పట్టింది.

అప్పుడు దుందుభిరావు వేదికెక్కాడు. "సోదరులారా, ఇది ఆరు రేకుల విధానం సాధించిన విజయం! మంత్రం వల్ల మనవాళ్ళలో ఒక్కడైనా చచ్చాడా? లేదు! ఇక వచ్చే ఏడు ఎనిమిది రేకులు!"

"చోటు ఆరింటికేనండి," అంది తొండ.

"చోటు పెంచమని తీర్మానం చేద్దాం!" చప్పట్లు మోగాయి. ఆ చప్పట్ల మధ్యనే తీర్మానం ఉల్లంఘించినందుకు తరళ సంజాయిషీ ఇచ్చుకోవాలని కూడా ప్రకటించాడు.

తరళకి మొదట ఏడుపొచ్చింది. తర్వాత నవ్వొచ్చింది. వేదిక దగ్గరికెళ్ళి చేతులు జోడించింది.

"తప్పైపోయింది అధ్యక్షా. మీ విధానం గొప్పతనం నాలాంటిదానికి అర్థం కాలేదు. ఇక్కడ రెండు జట్లూ ఉన్నాయి, ఫోన్లూ ఉన్నాయి. తమరే ఆరు రేకులూ కట్టుకుని ముందు నిలబడి ఒక ఆట ఆడి చూపించండి. చూసి నేర్చుకుంటాం."

"అధ్యక్షులవారే ఆడాలి!" అని గట్టు మీదివాళ్ళంతా ఒక్క గొంతుతో అరిచారు. ఓడిన బాధలో ఉన్న అడవిపందులైతే మరీ గట్టిగా అరిచాయి.

తప్పించుకోడానికి దారి లేదు. గిట్టలకి ఫోను లొంగకపోతే దుందుభిరావు తడి ముట్టెతో ఆడటానికి కూర్చున్నాడు. కోట దిగాడు. గొడ్డలి పడింది, పడిపోయాడు. లేచాడు. నాలుగు గొడ్డళ్ళూ ఒకేసారి పడ్డాయి. "ఫోన్లో ఏదో లోపం," అన్నాడు. ఫోను మార్చారు. గొడ్డళ్ళు మారలేదు. జవ్వాది నవ్వలేక పొట్ట పట్టుకుని ఇసకలో దొర్లింది.

చివరికి దుందుభిరావు ముట్టెకి అంటిన ఇసక దులుపుకుంటూ, ఎవరికీ వినబడకుండా తరళ వైపు ఒరిగాడు.

"అమ్మాయ్, ఆ కవచాలు ఎక్కడుంటాయి?"

"ఉంటాయండి. సమావేశం పెట్టించమంటారా?" అంది తరళ.

నీతి: తీర్మానం ఎంత తెలివితక్కువదైనా నష్టం లేదు, చేసినవాడికే ముందు తొడగగలిగితే.