లక్ష్మీపతి జానెడు జరుగుట

రైలింజన్ల కూతలే మేలుకొలుపులై, కార్ఖానా సైరనే శంఖారావమై విలసిల్లు ఖరగ్‌పూర్ మహానగరమందు, న్యూ సెటిల్‌మెంట్ సీమలో, ఎన్నికలు రెండు నెలల దూరాన గర్జించుచుండగా, ఒకానొక మంగళవారం పన్నెండుకు పది నిమిషాల ముందు, ఒంటిగది పార్టీ ఆఫీసులో ఘోరసంగ్రామం జరిగింది.

కాలం మారిందనీ, పార్టీ కూడా మారాలనీ, ప్రతి శాఖా అయిదు ముఖాలతో ఫోటో తీసి పన్నెండులోగా యాప్‌లో పెట్టాలనీ, లేకపోతే గోల్‌బజార్ శాఖలో కలిపేస్తామనీ కలకత్తా నుండి శాసనం వచ్చింది. కలిపేస్తే గుమ్మం మీది తెలుగు బోర్డు దిగిపోతుంది. ముప్పయ్యేళ్ల క్రితం దాన్ని స్వహస్తాలతో రాసిన శాఖా కార్యదర్శి, కుంచెధారి, రైల్వే రిటైర్డ్ పెయింటరు ఎబినేజర్ సభ్యులందరికీ కబురంపాడు.

అయిదో సభ్యుడు రాజ్ కిరణ్ ఆ పొద్దుటే వేరే జెండా పట్టాడు. ఎదురుగా ఉన్న పాన్ షాపు అతణ్ణి పిలుద్దామంటే అతనిదీ ఆ జెండాయే. మిగిలింది ఎబినేజర్, వెంకటరావు, లక్ష్మీపతి, ఆజానుబాహువైన జోగమ్మ. జోగమ్మ ధనుస్సులా చెయ్యి చాచి సెల్ఫీకి ఫోన్ ఎత్తింది. యాప్ ఒక్కో ముఖం చుట్టూ పచ్చగీత గీసి, నాలుగు అని చూపింది. మళ్లీ తీసింది. నాలుగే.

అప్పుడామె దృష్టి వెనక గోడ మీద పడింది. అక్కడ శాఖా స్థాపకుడు, కీర్తిశేషుడు లూకా మేస్త్రీ పటం ఉంది. మీటింగుకు ఆలస్యంగా వచ్చాడని ఒకనాడు తనను నెల రోజులు సస్పెండు చేసిన ఆ ముఖాన్ని, లక్ష్మీపతి ఇరవయ్యేళ్లుగా ప్రతి ఫోటోలోనూ తన శిరస్సుతో కప్పేస్తున్నాడు.

ఎబినేజర్ లేచి, ఉద్యమాల చరిత్ర యావత్తూ ఏకరువు పెట్టి, చివరికి, "ఒరే లక్ష్మీపతీ, పార్టీ బతకాలంటే ఏదో ఒకటి మారాల. నువ్వొక జానెడు జరిగితే సాలు, పటంలో మేస్త్రీయే అయిదో మొకం," అన్నాడు.

"జరగను. సచ్చినోడు సభ్యుడేటి?"

"బావా," అంది జోగమ్మ, "ఈ శాఖలో పార్టీ మారనోడు ఆయనొక్కడే."

రెండుసార్లు వెళ్లి రెండుసార్లు తిరిగొచ్చిన లక్ష్మీపతి తల వంచాడు. పన్నెండుకు రెండు నిమిషాలుండగా, సగం జానెడుకు బేరం పెట్టి, పర్వతం కదిలినట్లు కదిలాడు. మేస్త్రీ చెవి ఒక్కటే కనబడింది. నాలుగే. కళ్లు మూసుకుని మిగతా సగమూ జరిగాడు.

అయిదు!

దిక్కులారా, వినండి! ఈ విధంగా, ఇరవయ్యేళ్ల యుద్ధానంతరం, మహావీరుడు లక్ష్మీపతి ఎడమ వైపుకు జానెడు జరిగాడు. ఎబినేజర్ బోర్డు అంగుళమైనా జరగలేదు.