చెక్క ఉడుత కోసం కడుపునొప్పి

శనివారం పొద్దున్నే ఫ్లాస్కులో కాఫీ పోసుకుంటూ ఆర్లో స్టెనరుడ్ తన పథకాన్ని మూడోసారి నెమరేసుకున్నాడు. పథకం చిన్నదే. లంచ్ బాక్సు అడుగున బుల్లి ఎలక్ట్రానిక్ త్రాసు, దాని మీద తువ్వాలు, తువ్వాలు మీద ఆపిల్ పండు. ఎవరికీ తెలియకూడదు. అందరికన్నా ముఖ్యంగా భార్య లవోన్‌కు తెలియకూడదు.

మోంటానాలోని వాళ్ల తుపాకి క్లబ్బు పోటీలకు ఎవరూ ఇంటి దగ్గర తూటాలు చేసుకుని రారు. రౌండుకూ రౌండుకూ మధ్య, ఆ పూట ఎండా గాలీ చూసుకుని, పేల్చిన ఇత్తడి గొట్టాలనే మళ్లీ నింపుకుంటారు. పికప్ బండి వెనక తలుపు దించి, దానికి తూటా నొక్కే చేతి ప్రెస్సు బిగిస్తారు. తుపాకి మందు డబ్బా పిడి తిప్పితే టక్కుమని ఒక కొలత పడుతుంది. "చెయ్యే త్రాసు. తూకాలు కావాలంటే పోయి కిరాణా కొట్టు పెట్టుకోండి!" అని ఇరవై ఏళ్లుగా ఊరంతటినీ ఎగతాళి చేసినవాడు ఆర్లో. తనతోపాటు పోటీకి దిగే లవోన్‌కు కూడా అలాగే నేర్పాడు.

కానీ మొదటి బహుమతి, ఆ చెక్క ఉడుత, తొమ్మిదేళ్లుగా గేలెన్ హౌగెన్ ఇంట్లోనే ఉంది. తొమ్మిదిసార్లూ ఆర్లోది రెండో స్థానం. మందును కచ్చితంగా తూచి నింపితే గురి కుదురుతుంది. ఈ ఏడు డెబ్బై నిండాయి. ఇప్పుడు కాకపోతే ఇంకెప్పుడూ కాదు.

మొదటి రౌండు కాగానే చిక్కు తెలిసింది. గాలి తగిలితే త్రాసులో అంకెలు కప్పల్లా గెంతుతాయి. మైదానం నిండా గాలే. నాలుగు గోడలూ తలుపూ గడియా ఉన్న చోటు ఒక్కటే: మూలనున్న ప్లాస్టిక్ మరుగుదొడ్డి. ఆర్లో ప్రెస్సూ మందూ కూడా లంచ్ బాక్సులో కుక్కి, దాన్ని చంకన పెట్టుకుని లోపలికి దూరాడు. ముక్కు మూసుకుని, త్రాసును మోకాళ్ల మీద పెట్టుకుని, పావుగంటలో అయిదు తూటాలు నింపాడు. రెండో రౌండులో అయిదూ ఒకే చిల్లులోంచి దూసుకుపోయాయి. మళ్లీ పరిగెత్తాడు. మూడో రౌండు తర్వాత మళ్లీ.

"ఏంటి ఆర్లో, ఇది మూడోసారి!" దారికి అడ్డం నిలబడింది లవోన్.

"కడుపు... అదోలా ఉంది."

"లంచ్ బాక్సెందుకు మరి?"

"నీరసం వస్తే తినడానికి."

"పొద్దున ఏం తిన్నావ్?"

ఆర్లో చుట్టూ చూశాడు. ఎదురుగా, క్లబ్బులో తిండి వడ్డించే ఇర్మా గారి శాండ్‌విచ్‌ల ట్రే కనబడింది. "కోడిగుడ్డు శాండ్‌విచ్" అనేశాడు.

ఇర్మా వినేసింది. "ముప్ఫై ఏళ్ల నుంచి మీ అందరి కడుపులూ నింపుతున్నా! నా చేతి తిండి తిని జబ్బుపడ్డవాడు ఒక్కడున్నాడా?" అంటూ రోషంతో ట్రేను చెత్తడబ్బాలో బోర్లించింది. అది చూసి పోటీ నడిపే అధికారి మైకు అందుకున్నాడు: "గుడ్డు శాండ్‌విచ్ తిన్నవాళ్లు జాగ్రత్తగా ఉండండి!"

క్షణంలో పదకొండుమంది పొట్ట పట్టుకున్నారు.

ఆఖరి రౌండుకు ముందు ఆర్లో లోపల నాలుగో తూటా నింపుతుండగా తలుపు దబదబలాడింది. త్రాసు అదిరింది.

"ఒరేయ్ ఆర్లో, రారా బయటికి! ప్రాణం పోతోంది!" గేలెన్ గొంతు.

"పోనీ! నాది ముందు పోతోంది!"

"లోపల ఇల్లు కట్టుకున్నావా?"

మైకు మోగింది. "ఆఖరి రౌండు. రెండు నిమిషాలు. రానివాళ్లు పోటీలో లేనట్టే!"

అయిదోది నొక్కి, అన్నీ బాక్సులో కుక్కి, ఆర్లో తలుపు తోశాడు. అదే క్షణంలో గేలెన్ లోపలికి దూకాడు. ఇద్దరూ ఢీకొని చెరోవైపు పడ్డారు. రెండు లంచ్ బాక్సులూ తెరుచుకున్నాయి. ఆర్లో త్రాసు గడ్డిలో పడింది. దాని పక్కనే గేలెన్ త్రాసు.

ఇద్దరూ త్రాసుల వంకా, ఒకరి వంక ఒకరూ చూసుకున్నారు.

"నువ్వూనా?" అన్నాడు ఆర్లో.

"తొమ్మిదేళ్లుగా" అన్నాడు గేలెన్ నేల చూపులు చూస్తూ. "ఇన్నాళ్లూ ఇక్కడే తూచుకున్నా. ఇవాళ నువ్వు ఖాళీ చేస్తేగా!"

ఆర్లో తలెత్తి, మరుగుదొడ్డి ముందు కాచుకున్నవాళ్ల వరుసను చూశాడు. పొట్ట పట్టుకున్న చేతులు సరే, రెండో చేతుల్లో ఏమున్నాయి? అన్నీ లంచ్ బాక్సులే. ఒక్కొక్కటే మెల్లగా వీపుల వెనక్కి జరుగుతున్నాయి.

అప్పుడు వినబడింది. ఢాం. ఢాం. ఢాం. ఢాం. ఢాం. ఆపైన, రౌండు అయిపోయిందని ఈల.

తుపాకులు పేల్చే బల్లల్లో పన్నెండు ఖాళీ. పదమూడో దాని దగ్గర లవోన్ తుపాకి దించి చెవి కప్పులు తీస్తోంది. ఆమె మందు డబ్బా బండి వెనక తలుపు మీదే, ఆరుబయట గాలిలోనే ఉంది.

చెక్క ఉడుతను చంకన పెట్టుకుని వచ్చి ఆమె అంది: "నువ్వు చెప్పినట్టే చేతినే నమ్ముకున్నా. ఇంతకీ కడుపెలా ఉంది?"

అంతలో ఇర్మా గుడ్డు శాండ్‌విచ్‌ల కొత్త ట్రేతో వచ్చి నిలబడింది. పన్నెండుమందీ తలొంచుకుని రెండేసి తిన్నారు.

మరుసటి ఏడాది క్లబ్బు మరుగుదొడ్లను నాలుగు చేసింది. అందులో ఒకటి, నిజంగా అవసరమైనవాళ్ల కోసం.