అసలుతో సరిపోల్చడమైనది

"ఇకమీదట ఈ ప్రభుత్వంలో ఏదీ పోదు!" అని పింఛన్ల శాఖ మంత్రిగారు విలేకరుల సమావేశంలో ప్రకటించారు. "పదవి తప్ప" అని వెనక వరసలో ఎవరో గొణిగారు గానీ, అది అధికారిక రికార్డుల్లోకి ఎక్కలేదు.

మంత్రిగారి దూరదృష్టి గురించి నాలాంటి వాడు చెప్పబోవడం సూర్యుడికి దివిటీ పట్టడమే. అయినా పడతాను. దివిటీలు పట్టబట్టే ఇంతవాణ్ణయ్యాను. ఆ శాఖలో నేను గెజిటెడ్ అధికారిని. ఎవరు ఏ కాగితానికి నకలు తెచ్చినా "అసలుతో సరిపోల్చడమైనది, సరిగా ఉన్నది" అని రాసి, ఆకుపచ్చ సిరాతో సంతకం గీకి, ముద్ర గుద్దడం నా పని. ఉద్యోగంలో చేరిన కొత్తలో అసలు కాగితం కూడా చూసేవాణ్ణి. మెడ నొప్పి పట్టడంతో మానేశాను.

పింఛనుదార్ల వివరాలన్నీ మా ఆఫీసులో ఒకే ఒక్క సర్వర్లో ఉండేవి. అది ఒకప్పుడు సైకిళ్లు పెట్టుకునే గదిలో, పాత బీరువాలకీ విరిగిన కుర్చీలకీ మధ్య కాపురముండేది. ఆ మధ్య ఒక పూట అది మూలిగి ఆగిపోయింది. వాచ్‌మన్ నాలుగు తట్లు తడితే మళ్లీ లేచింది. ఆ దెబ్బతో మంత్రిగారికి ప్రజల మీద బెంగ పుట్టుకొచ్చి, బ్యాకప్ సాఫ్ట్‌వేర్ ఎంపిక కమిటీ వేశారు. కమిటీలో మంత్రిగారు, కార్యదర్శిగారు, నేను.

నేనెందుకంటారా? ఒకసారి మంత్రిగారి ఫోన్ చచ్చిపోయిందని ఆఫీసంతా గగ్గోలెత్తితే, ఛార్జర్ స్విచ్ వేసింది నేనే. అప్పట్నుంచి శాఖలో సాంకేతిక నిపుణుణ్ణి.

కమిటీ ముందుకు మూడు కంపెనీలు వచ్చాయి. మొదటి కంపెనీవాడు సర్వర్‌కి ఇంత అన్నాడు. రెండోవాడు డేటా ఎంతుంటే అంత అన్నాడు. మంత్రిగారు ఆవలించారు. మూడో కంపెనీ సేల్స్‌మన్ టై సర్దుకుని, "మాది అన్‌లిమిటెడ్ లైసెన్సండీ" అన్నాడు. మంత్రిగారి ఆవలింత సగంలో ఆగిపోయింది.

"అన్‌లిమిటెడ్ అంటే?"

"మీకు వెయ్యి సర్వర్లున్నా, లక్ష సర్వర్లున్నా ఒకటే లైసెన్సండీ. హద్దే లేదు."

"మనకి ఎన్నున్నాయి?" అని మంత్రిగారు కార్యదర్శిగారి చెవిలో అడిగారు.

"ఒకటి సార్."

"గట్టిగా అనకండి." మంత్రిగారు సేల్స్‌మన్ వైపు తిరిగారు. "చూడు బాబూ, మా ప్రజాసేవకి హద్దుల్లేవు. హద్దులున్న లైసెన్సు కొంటే ప్రతిపక్షం వాళ్లు మమ్మల్ని బతకనిస్తారా?"

పోయిన డేటాని ఈ సాఫ్ట్‌వేర్ తిరిగి తెచ్చి చూపిస్తుందా అని అడుగుదామనుకున్నాను. ప్రశ్న నోటిదాకా వచ్చింది. సరిగ్గా అప్పుడే బిస్కెట్ల ప్లేటు నా ముందుకొచ్చింది. ఒక నోట్లో రెండూ పట్టవు కదా. బిస్కెట్ మాత్రం బాగుంది.

ఒక్క సందేహం మంత్రిగారికే వచ్చింది. ఆయన మేధస్సు అలాంటిది.

"ఈ బ్యాకప్ అనేది నకలే కదా! అది అసలుతో సమానమని ఎవరు చెప్తారు?"

"సాఫ్ట్‌వేరే సరిచూసుకుంటుందండీ."

"సాఫ్ట్‌వేర్ గెజిటెడా?"

"కాదండీ."

"మరి?" అన్నారు మంత్రిగారు విజయగర్వంతో. అందరూ నా వైపు చూశారు. రోజూ సాయంత్రం తీసే బ్యాకప్‌ని నేను అసలుతో సరిపోల్చి ధ్రువీకరించాలని అక్కడికక్కడే ఉత్తర్వు పుట్టింది. ప్రపంచంలో అటెస్టేషన్ ఉన్న బ్యాకప్ మాదే అయ్యుండాలి. నాకు ఒళ్లు పులకరించింది.

ఆ సంబరం పంచుకోవడానికి మా మేనత్త గదికి వెళ్లాను. మావయ్య మా శాఖలోనే గుమాస్తాగా చేసి పోయాడు. ఆయన పింఛనుతోనే అత్త మా వీధి చివర ఒంటిగదిలో ఉంటుంది. నన్ను పెంచి, చదివించి, ఈ కుర్చీలో కూర్చోబెట్టింది ఆవిడే. నా ఇంటికి వచ్చేయమని ఎన్నిసార్లన్నా రాదు.

"నా మొగుడి పింఛను నాకుండగా నీ పెళ్లాం దగ్గర చెయ్యి చాచమంటావురా?" అంటుంది.

విషయం చెప్పగానే అత్త మొహం వెలిగింది. "అయితే మీ మావయ్య పేరు రెండుచోట్ల ఉంటుందన్నమాట! ఒకటి పోయినా ఇంకోటి ఉంటుంది."

"నా సంతకంతో సహా ఉంటుందత్తా."

"నువ్వున్నావు కదా, ఇంకేం భయంరా నాకు" అంది. నా ఛాతీ చొక్కా గుండీలకి సవాలు విసిరింది.

ప్రారంభోత్సవం నాడు సైకిళ్ల గదికి రంగులేశారు. రిబ్బన్ కట్టారు. మంత్రిగారు స్వాగత ప్రసంగం చేసి బటన్ మీద వేలు పెట్టబోతుండగా, కంపెనీ మనిషి చిన్నగా దగ్గాడు.

"పింఛనుదార్ల డేటా మొత్తం పెడితే మొదటిసారి రేపటిదాకా పడుతుందండీ."

"ఫొటోగ్రాఫర్లు రేపటిదాకా ఉంటారా?" అన్నారు కార్యదర్శిగారు. "చిన్నది ఏదైనా పెట్టు. మంత్రిగారి స్వాగత ప్రసంగం ఉంది చూడు, అది పెట్టు. మిగతాది రేపు మార్చుకోవచ్చు."

మంత్రిగారు బటన్ నొక్కారు. ప్రసంగం క్షణంలో బ్యాకప్ పెట్టెలోకి వెళ్లిపోయింది. తెర మీద 'విజయవంతం' అని పడింది. చప్పట్లు మోగాయి. నేను సంతకం పెట్టాను.

మర్నాడు కంపెనీ మనిషి రాలేదు. నేను మారుద్దామనుకున్నాను. కానీ సాక్షాత్తూ మంత్రిగారు నొక్కిన బటన్ తర్వాత నాబోటి వాడు ఇంకో బటన్ నొక్కితే ఏం బాగుంటుంది? పైగా సాయంత్రం కాగానే తెర మీద 'విజయవంతం' అని దానంతటదే పడుతోంది. విజయం ఎదురొచ్చి పలకరిస్తుంటే కాదనేవాడు మూర్ఖుడు. రోజూ చీటీ మీద రాసి, పెట్టెకి అతికించి, ఇంటికెళ్లి హాయిగా నిద్రపోయేవాణ్ణి. కొన్నాళ్లకి చీటీల కింద పెట్టె కనిపించడం మానేసింది.

వానాకాలం మొదలైన వారంలో సర్వర్ మళ్లీ మూలిగింది. వాచ్‌మన్ తట్టాడు, గుద్దాడు, తన్నాడు కూడా. ఈసారి లేవలేదు.

తలుపులు మూసి కమిటీ కూర్చుంది. బ్యాకప్ తెరిచారు. అందులో ప్రసంగం ఉంది. దాని కింద ప్రసంగం. దాని కిందా ప్రసంగమే. లైసెన్సు అన్‌లిమిటెడ్ కదా, ఎంత కిందికి వెళ్లినా "ప్రియమైన నా పింఛనుదారులారా" అనే ఉంది. పింఛనుదారులు మాత్రం ఒక్కరూ లేరు.

కార్యదర్శిగారు చీటీలన్నీ నెమ్మదిగా ఒలిచి నా ముందు పరిచారు.

"ఈ సంతకాలు మీవేనా?"

"నావే సార్."

"అసలుతో సరిపోల్చారా?"

లేదంటే ఉద్యోగం పోతుంది. ఔనంటే ఏం పోతుందో నాకు తెలుసు. అది వీధి చివర ఒంటిగదిలో కూర్చుని ఉంది. బిస్కెట్ వస్తుందేమోనని తలుపు వైపు చూశాను. రాలేదు.

"సరిపోల్చాను సార్" అన్నాను. నామీద నాకే అసహ్యం వేసింది. కానీ ఆ అసహ్యం కుర్చీ దిగనివ్వలేదు.

"సరిగా ఉందా?"

"ఉంది సార్."

"అయితే నకల్లో ఏముందో అసల్లోనూ అదే ఉండాలి. అంతకంటే ఎక్కువ ఉండటానికి వీల్లేదు" అని కార్యదర్శిగారు కళ్లజోడు తుడుచుకున్నారు.

మంత్రిగారి మొహం మెల్లగా విచ్చుకుంది. "అంటే మనకేమీ పోలేదన్నమాట!"

సాయంత్రం విలేకరుల సమావేశంలో ఆయన చెప్పిన మాటలు మీరు పేపర్లో చదివే ఉంటారు. శాఖలో ఒక్క అక్షరం కూడా పోలేదు, ధ్రువీకరణతో సహా భద్రంగా ఉంది, రికార్డుల ప్రకారం మన రాజ్యంలో పింఛను అవసరమైన వాళ్లెవరూ లేరు, ఇదంతా మా పాలన మహిమ. అందరికంటే గట్టిగా చప్పట్లు కొట్టింది నేనే. నిపుణుణ్ణి కదా, బాధ్యత ఉంటుంది.

ఇంకో ఉత్తర్వు కూడా వచ్చింది. తాము పింఛనుదారులమని ఎవరైనా భావిస్తే, తాము తామేనని గెజిటెడ్ అధికారి ధ్రువీకరించిన ఫొటోతో కొత్తగా అర్జీ పెట్టుకోవచ్చు.

తెల్లారేసరికి నా గది ముందు వరస వీధిలోకి పాకింది. మధ్యాహ్నానికి మా అత్త వంతు వచ్చింది. మేనల్లుడి ఆఫీసని ముందుకు చొచ్చుకుని రాలేదు, అందరి వెనకా నిలబడే వచ్చింది. నన్ను తిట్టలేదు. తిడితే బాగుండేది. ఫొటో ఒకటి బల్ల మీద పెట్టింది.

"ఇది నేనేనని రాసివ్వరా నాయనా. నువ్వు రాస్తే చాలట కదా."

అవమానంతో తలెత్తలేకపోయాను. ఫొటో ముందుకు లాక్కుని, పెన్ను తీసి, అలవాటైన చేత్తో అలవాటైన వాక్యం మొదలుపెట్టాను. అలవాటైన నోరు కూడా దానంతటదే ఆడింది.

"నకలు సరేనమ్మా, అసలు తెచ్చారా?"

అత్త ఒక క్షణం నా మొహంలోకి చూసింది.

"ఉండరా, ఇందులోనే పెట్టినట్టు గుర్తు" అంటూ సంచి తెరిచి వెతకడం మొదలుపెట్టింది. వెనక వరసలో వాళ్లూ తమ తమ సంచులు విప్పారు.