ఎయిర్ ఫ్రయ్యర్‌లో తలనూనె వాసన

"దునియాల నేరాలు రెండే తీర్లుంటయ్ రితేష్," అన్నాడు హనుమాండ్లన్న, నల్లకళ్లద్దాలను ముక్కు కొసకు జార్చి. "నేను పట్టుకున్నయి ఒకటి, నా దాక రానియి ఒకటి. మూడో తీరుది ఈ భివండిల ఇంక పుట్టలే."

ఈ ప్రకటన మా వంటింటి గడపలో జరిగింది. హనుమాండ్లన్న మా పక్క గదిలోనే ఉంటాడు. ఊరవతల పూర్ణలో ఒక గోదాములో కెమెరా తెరల ముందు కూర్చోవడం ఆయన ఉద్యోగం. ఆ తెరల్లో ఇంతవరకు ఆయనకు దొరికిన దొంగ ఒక పిల్లి. అది కూడా ఆయన సద్ది డబ్బా ఖాళీ చేసి, కదల్లేక దాని పక్కనే పడుకుంది కాబట్టి దొరికింది. అయినా హెల్మెట్ మీద 'డిటెక్టివ్' అని తెల్ల రంగుతో రాయించుకున్నాడు. ఆయన్ని మేం పిలవలేదు. మా అమ్మ "ఇది వంట మిషినా, మంగలి షాపా" అని విసుక్కోవడం గోడ అవతల వినబడి, తానే వచ్చాడు.

అసలు సంగతి చెప్పాలి. ముంబై పక్కన ఈ భివండిలో, నిజాంపురాలో మాది కింద కార్ఖానా, పైన ఇల్లు. కింద మా బాపు లక్ష్మీనర్సయ్య మగ్గాలు నడుపుతాడు. మొన్నటి రక్తపరీక్షల తర్వాత డాక్టర్ ఆయన్ని నూనె తగ్గించమన్నాడు. మా అమ్మ రాజమణి బంద్ చేసింది. బాపుకు వేపుడు లేనిదే ముద్ద దిగదు. ఉడకబెట్టిన బెండకాయను కంచంలో ఆ మూల నుంచి ఈ మూలకు తోసి, చేయి కడుక్కుని లేచేవాడు. మనిషి చిక్కిపోయాడు. మాట అంతకన్నా చిక్కిపోయింది.

మా ఇంట్లో మొదట డిగ్రీ చదివినవాణ్ని నేను. చదివినందుకు ఏదో ఒక దారి చూపాలి కదా. ఎయిర్ ఫ్రయ్యర్ కొందామన్నాను, నూనె లేకుండా వేపుడు వస్తుందట అన్నాను. నూనె లేని వేపుడు అంటే నీళ్లు లేని స్నానం లాంటిదని అమ్మ కొట్టేసింది. అప్పుడే ఎదురింటి శారమ్మత్త, సుందర్‌రాజు మామ ఊళ్లో పెళ్లికి బయలుదేరారు. వాళ్ల కూతురు కొనిచ్చిన ఎయిర్ ఫ్రయ్యర్‌ను శారమ్మత్త మా ఇంట్లో పెట్టి, తాము వచ్చేదాకా వండి చూసుకోమంది. శుక్రవారం సాయంత్రం తిరిగి ఇచ్చేయాలి.

అమ్మ షరతు పెట్టింది. "శుక్రారం దాక జూస్త. మంచిగైతే మనం గూడ ఒకటి కొందాం. కాకుంటె మీ బాపుకు ఉడకవెట్టిందే గతి. మల్ల ఈ ముచ్చట ఎత్తద్దు."

 బాపు ఆ మిషిన్ వైపు చూసిన చూపు, ఆస్పత్రిలో పడున్న బంధువుల్ని చూసే చూపు.

మొదటి రోజు ఆలుగడ్డ ముక్కలు వేశాం. కట్టెపుల్లల్లా ఎండిపోయి వచ్చాయి. అయినా కరకరలాడాయి. బాపు ఒకటి నమిలి, ఇంకొన్ని వెయ్యమన్నాడు. ఇంకొన్ని అనే మాట ఆయన నోట విని ఎన్నాళ్లయిందో. అమ్మ వెంటనే గోడ వైపు తిరిగి, లేని గిన్నె ఏదో సర్దింది. మర్నాడు మిర్చి బజ్జీలు వేస్తే పిండంతా కారి అడుగున అట్టయింది. అది మిషిన్ తప్పు కాదు, జారుపిండి దానికి పనికిరాదు. కానీ ఆ రోజు నుంచే అసలు ఉపద్రవం మొదలైంది. అందులోంచి ఏది తీసినా తలనూనె వాసన. కొబ్బరి తలనూనె. రోజురోజుకూ ఎక్కువవుతోంది. చేప ముక్కలు తీసిన రోజు, ఎవరో తలంటుకుని వచ్చి కంచంలో కూర్చున్నట్టు అనిపించింది. అమ్మ, మా చెల్లె ఆర్తి నోట పెట్టలేకపోయారు. బాపు ఒక్కడే నిమ్మళంగా తిన్నాడు. చిన్నప్పటి నుంచి పత్తి దుమ్ము పీల్చిన ముక్కు అది. దానికి వాసనలు ఎప్పుడో బంద్ అయ్యాయి.

హనుమాండ్లన్న జేబులోంచి భూతద్దం తీశాడు. మామూలు భూతద్దం కాదు, బట్టలో పోగులు లెక్కపెట్టే బుల్లి అద్దం. అందులో అంగుళం మేర తప్ప మరేమీ కనబడదు. దాన్ని మిషిన్ సొరుగులో కూర్చునే చిల్లుల గిన్నెకు ఆనించి, కన్ను ఆనించి, అంగుళం అంగుళం జరిపాడు. మేమంతా చుట్టూ మూగాం.

"నేత మంచిగున్నది," అన్నాడు చివరికి. "రంధ్రాలన్ని బరాబర్ వడ్డయ్."

తర్వాత కళ్లు మూసుకుని తర్కం మొదలుపెట్టాడు. వాసన తలనూనెది. తలనూనె ఉండేది తలకు. కాబట్టి ఎవరో ఇందులో తల పెట్టారు. ఎందుకు పెట్టారన్నది నేరస్థుడు దొరికాక అతన్నే అడగవచ్చు.

ప్రయోగం కోసం నా తల కావలసి వచ్చింది. వద్దంటే అమ్మ బాధపడుతుందని వంగాను. గిన్నె నా నుదుటి దగ్గరే ఆగిపోయింది.

"అన్నా, హలూ నకో, ఫోటో తీస్తున్న," అంది ఆర్తి, మరాఠీ కలిపి. కదిలే పరిస్థితిలో నేను లేను, చెవి ఇరుక్కుంది.

"రాసుకో," అన్నాడు హనుమాండ్లన్న ఎవరితోనో. "తలకాయ చిన్నది. నూనె ఎక్కువ."

అనుమానితుల్ని వరసగా నిలబెట్టాడు. అమ్మది పొద్దుతిరుగుడు పువ్వంత ముడి, గిన్నెలో పట్టదు. ఆర్తి తల పట్టేలా ఉంది గానీ, వాసన చూడబోతే దువ్వెన చూపించింది. చివరికి బాపు ముందుకు వచ్చి ఆగాడు. బాపుది నున్నటి బట్టతల, ట్యూబ్‌లైట్ అందులో కనబడుతుంది.

"కాకా, నీకు క్లీన్ చిట్. నెత్తిల ఎంటిక లేనోడు తలనూనె నేరం జెయ్యలేడు."

"అది గాదు బిడ్డా, ఆ నూనె..." అని బాపు ఏదో చెప్పబోయాడు.

"నువ్వు మాట్లాడకు కాకా. నువ్వు బాధితునివి. బాధితుడు మాట్లాడితె కేసు ఖరాబైతది."

బాపు నోరు మూసుకున్నాడు. చిన్నప్పటి నుంచి చదువుకున్నవాళ్లు, యూనిఫాం వేసుకున్నవాళ్లు చెప్తే వినడం ఆయన అలవాటు. హనుమాండ్లన్న ఒంటి మీద గోదాము యూనిఫాం ఉంది.

తర్వాత రెండు రోజులు గల్లీ మొత్తం తలలు వాసన చూడటం జరిగింది. నన్ను వెంట తీసుకెళ్లాడు, సాక్షి ఉండాలట. మంగలి దుకాణంలో వరసగా కూర్చున్న తలలన్నీ వాసన చూస్తే, అందరూ దోషులే అని తేలింది. అంతమందిని ఒకేసారి పట్టుకోవడం కుదరదని వదిలేశాడు. అప్పుడు ఆయనకు కారణం తట్టింది. ఎయిర్ ఫ్రయ్యర్ గల్లీలోకి వస్తే మొదట దెబ్బతినేది ఎవరు? మూల మీద బజ్జీల బండి పెట్టుకున్న ఓదెమ్మ. ఇంటింటికీ ఆ మిషిన్ వస్తే ఆమె మూకుడు చల్లారుతుంది. కాబట్టి మిషిన్ పేరు చెడగొట్టే కుట్ర ఆమెదే.

ఓదెమ్మ బజ్జీలు తిప్పుతోంది. హనుమాండ్లన్న వెనక నుంచి పిల్లిలా వెళ్లి, ఆమె నెత్తి మీద వంగి, గట్టిగా ఊపిరి పీల్చాడు.

ఓదెమ్మ వెనక్కి తిరగలేదు. "బజ్జీలు కిందున్నయ్ రా. నా నెత్తి మీద గావు," అంది.

"ఓదెమ్మత్తా, నిజం జెప్పు. ఏం నూనె వెడ్తవ్?"

"ఆముదం. నీకు గావాల్నా?" అని కాగుతున్న మూకుడులోంచి జల్లిగంటె పైకెత్తింది. దానికి ఆముదంతో సంబంధం లేదు గానీ, హనుమాండ్లన్న నాకన్నా ముందు ఇంటికి చేరాడు. నేను చేరాక, ఆముదం రాసుకున్న మనిషి కొబ్బరినూనె నేరం చెయ్యలేదని ఒప్పుకున్నాడు. ఆ ఒప్పుకోలులో కొంత విచారం ఉంది.

శుక్రవారం వచ్చింది. శుక్రవారం మగ్గాలకు సెలవు. మగ్గాలు ఆగితే మా గల్లీలో ఎవరికీ ఏం తోచదు. వారమంతా అరుచుకుని మాట్లాడేవాళ్లం, ఆ రోజు గుసగుసలాడినా వినబడుతుంది. అమ్మ బెండకాయలు కోసి మిషిన్ గిన్నెలో పోసి బల్ల మీద పెట్టింది. బాపుకు అన్నిటికన్నా ఇష్టమైనవి అవే. ఇదే ఆఖరుసారి అని, వాసన వస్తే సాయంత్రం శారమ్మకు మిషిన్‌తో పాటు ఓ దండం కూడా పెట్టి పంపుతానని చెప్పింది.

హనుమాండ్లన్న వల పన్నాడు. మమ్మల్నందరినీ ముందు గదిలోకి పంపించి, మా మగ్గాల మీద నేసిన ముతక బట్టను మెడ నుంచి మడమల దాకా చుట్టుకుని, వంటింటి మూలలో నిలబెట్టిన బట్ట తానుల మధ్య తానూ ఒక తానులా నిలబడ్డాడు. ఈ లోపల ఎవరు వచ్చి ఆ మిషిన్ ముట్టుకుంటే వాడే ముద్దాయి.

మేం తలుపు వెనక ఉన్నాం. సెలవైనా కార్ఖానాలోనే ఉన్న బాపు పైకి వచ్చాడు. అద్దం దగ్గర ఆగాడు. వంటింట్లోకి వెళ్లాడు. మంచినీళ్లకేమో అనుకున్నాం.

లోపల ఒక తాను తుమ్మింది.

కొత్త బట్టలో నూగు ఉంటుంది, అది ముక్కులోకి పోతే మహామహులే ఆగలేరు. తుమ్ముతో పాటు అపరాధ పరిశోధన ఆవేశం కూడా తన్నుకొచ్చి, హనుమాండ్లన్న ముద్దాయి మీదికి దూకాడు. చేతులు బట్టలో ఉన్నాయి, కాళ్లు బట్టలో ఉన్నాయి. కప్పలా రెండు గెంతులు గెంతి, గిన్నెల బల్లకు గుద్దుకుని పడ్డాడు. బల్ల మీది పల్లినూనె గిన్నె ఒరిగి బెండకాయల్లో ఒలికింది.

మేం పరుగెత్తి వెళ్లాం. నేల మీద తాను దొర్లుతోంది. దాని పక్కన బాపు నిలబడి ఉన్నాడు. ఒక చేతిలో మిషిన్ సొరుగు. ఇంకో చేతిలో ఆర్తి తలనూనె సీసా.

"కాకా, సీసా ఇడువకు," అని అరిచింది తాను. "దొంగ పారిపోయిండు. సబూతు మాత్రం నీ చేతికి చిక్కింది."

 అమ్మ సీసా వైపు చూసింది, బాపు వైపు చూసింది.

"ఏందది?"

"నూనె."

"ఎవ్వలకు?"

"మిషిన్‌కు," అన్నాడు బాపు, ఇది కూడా అడగాలా అన్నట్టు. "మిషినన్నంక నూనె వెట్టకుంట ఎట్ల నడుస్తది? సొరుగు గుంజితె కిర్రుమంటున్నది. పట్టాలెమ్మటి ఇంత ఇంత వెట్టిన. తిండి వండేది గదా అని మగ్గాల నూనె గూడ వెట్టలే, మంచి కొబ్బరి నూనె వెట్టిన."

"రోజు వెట్టినవా?"

"మగ్గాలకు రోజు వెడ్తలేనా?" ఆయన గొంతు కొంచెం తగ్గింది. "నువ్వేమొ వాపస్ ఇస్తనంటివి. మంచిగ నడిస్తె ఉంచుకుంటవేమొ అనుకున్న. నువ్వు కోపం జేసిన కొద్ది ఇంకింత ఎక్కువ వెట్టిన."

"మరి వాసన వస్తున్నదని ఇంటిల్లిపాది మొత్తుకుంటుంటె చెప్పవా?"

"నన్నెవ్వలడిగిండ్రు? నాకు క్లీన్ చిట్ అచ్చె."

అమ్మ నవ్వు ఆపుకోవడానికి కొంగు నోట్లో కుక్కుకుంది. ఆగలేదు. నేనూ ఆర్తీ బట్టను విప్పి హనుమాండ్లన్నను బయటికి తీశాం. ఆయన కళ్లద్దాలు వంకర పోయాయి గానీ తల వంగలేదు.

"నాకు మొదటి నుంచి కాకా మీదనే అనుమానం," అన్నాడు. "అందుకే క్లీన్ చిట్ ఇచ్చిన. ధైర్యంగ తిరిగితెనే గదా దొరుకుతడు."

సొరుగూ గిన్నే వేడినీళ్లతో, సబ్బుతో రుద్ది కడిగాను. పట్టాల వెంట పట్టిన నూనెను గుడ్డతో తుడిచి, కాసేపు ఖాళీగా నడిపించాను. పల్లినూనె ఒలికిన బెండకాయల్ని పారేయడానికి అమ్మకు చెయ్యి రాలేదు. ఎక్కువైన నూనె వంపి, ఉప్పూ కారం కలిపి, అవే వేసింది.

ఈసారి తలనూనె వాసన లేదు. కట్టెపుల్లలూ లేవు. అంచుల్లో ఎర్రగా వేగి, లోపల మెత్తగా వచ్చాయి. అమ్మ ఒక ముక్క తిని అలాగే నిలబడిపోయింది. నూనె లేకుండా అన్నారని తాను ఇన్నాళ్లూ చుక్క కూడా వెయ్యలేదనీ, ఒక్క చెంచా వేసినా సరిపోయేదనీ అప్పుడు చెప్పింది. కేసంతా అదే. కూరకు పడాల్సిన చుక్క మిషిన్‌కు పడింది.

బాపు తినడం మొదలుపెట్టాడు. మగ్గాలు ఆగి ఉన్నాయి కాబట్టి ప్రతి ముక్క కరకర వినబడింది. కంచంలో ఒక మూల నుంచి ఇంకో మూలకు దేన్నీ తొయ్యలేదు. తోయడానికి మిగల్లేదు. నలుగురికి చేయాలంటే మూడు వాయిలు వెయ్యాలి, బజ్జీలు ఇందులో రావు, ఈ రెండూ అమ్మకు చెప్పాను. బజ్జీలకు ఓదెమ్మ ఉంది కదా అంది. అప్పటికీ కొంటానని మాత్రం అనలేదు. శారమ్మ ముఖం ఎట్లా చూడాలన్నదే ఆమె దిగులు.

సాయంత్రం శారమ్మత్త రానే వచ్చింది. జరిగింది ఎక్కడ మొదలుపెట్టి చెప్పాలా అని అమ్మ కొంగు అంచు మడుస్తుండగానే, ఆమె అలవాటుగా సొరుగు పట్టుకుని గట్టిగా గుంజింది. సొరుగు ఒక్క ఉదుటున వచ్చేసరికి, వెనక్కి తూలి హనుమాండ్లన్న మీద పడింది.

"అయ్యో, ఎన్నపూసలెక్క జారుతున్నదేందే రాజమణీ," అంది లేచి. "కొన్నకాడ్నుంచి దీన్ని గుంజలేక నా రెక్క వట్టుకపోయింది. ఏ మిస్త్రీకి చూపిచ్చినవ్?"

బాపు గొంతు సవరించుకున్నాడు. చొక్కా గుండీ పెట్టుకున్నాడు. అమ్మ ఆయన్ని ఒక్క చూపుతో కూర్చోబెట్టి, నా వైపు తిరిగింది.

"రితేష్, రేపు దుకాణం వోయి మనకొకటి పట్టుకరా బిడ్డా. సొరుగు మాత్రం గుంజి సూడు. నున్నగ జారేదే తేవాలె, కిర్రుమనేది తేకు. మీ బాపుకు దాని కాడ పనే వడొద్దు."