కుడి పక్క బరువు

మహాలక్ష్మి పెరట్లో రొయ్యల తలలు తుంచుతుండగా భర్త ప్రసాద్ గడపలో నిలబడి ఆ రోజు పని చెప్పాడు. నెల్లూరు పోయి, కారుకు అలైన్‌మెంట్ చేయించుకుని, అన్నం వేళకు వచ్చేస్తాడు. అది కరెంటు కారు. పాతది కొని బాడుగకు తిప్పుతున్నాడు. వారం నుంచి స్టీరింగు వదిలితే చాలు, అది రోడ్డు విడిచి ఎడమ వైపు రొయ్యల గుంటల్లోకి దారి తీస్తోంది. మరుసటి ఉదయం రొయ్యల కంపెనీ మేనేజరు ముఖేష్‌ను గుంటల మీద తిప్పాలి. ఆయనకు కారు నచ్చితే ఏడాది పాటు నెల బాడుగ ఖాయం.

నెల్లూరులో టైర్ల షాపు అమీర్ బాషా ముందు చక్రం లోపలికి చేయి పెట్టి తడిమాడు.

"లోపలి అంచు అరిగిపోయిందన్నా. బ్యాటరీ బరువుకు ఈ కార్లు టైర్లను నమిలేస్తాయి. అలైన్‌మెంట్ రెండున్నర వేలు. వద్దనుకుంటే టైర్లే పోతాయి. వీటికి వేరే రకం, ఒక్కోటి పదకొండు వేలు."

"మా పాత డీజిల్ కారుకి నాలుగొందలే కదా భాయ్!"

"ఆ కారే తీసుకురా. నాలుగొందలకే చేస్తా."

ప్రసాద్ ఇల్లరికపు అల్లుడు. వెయ్యి దాటే ఖర్చేదైనా ముందు మామ చెవిన వేయడం ఆ ఇంటి ఆనవాయితీ. మామ ముత్యాలయ్య నలభై ఏళ్ళు సముద్రం మీద పడవ నడిపినవాడు. ఫోన్‌లోనే మండిపడ్డాడు.

"చక్రం తిన్నగా పెట్టేదానికి రెండున్నర వేలా? పడవ ఎడమకు లాగితే ఏం చేస్తాం? కుడి పక్కకు బరువు జరుపుతాం. షాపుకు పోతామా?"

"మామా, ఇది కారు."

"నీళ్ళ మీద పనిచేసేది నేల మీద చెయ్యదా? వచ్చెయ్ అల్లుడా!"

అల్లుడు వచ్చేశాడు.

సాయంత్రం ముత్యాలయ్య వెనక సీటు దగ్గర, కుడి పక్కన రెండు ఉప్పు మూటలు పెట్టించాడు. కారు ఎడమకే లాగింది. సీసపు గుండ్ల వల ఎక్కించాడు. ఎడమకే లాగింది, కాకపోతే నెమ్మదిగా. డిక్కీలో ఎడమ వైపున్న స్టెప్నీ టైరును దోషిగా నిర్ణయించి దింపించాడు. అప్పుడు అరుగు మీద ఆకూ వక్కా నములుతున్న భార్య అంకాలమ్మ కనబడింది.

"ఎక్కవే."

"యాడికి?"

"యాడికీ లేదు. కుడి పక్క కూర్చో."

"నలభై ఏళ్ళు నీ చేపల గంప మోసినా. ఇప్పుడు నన్నే గంపలో పెడతా ఉండావా?" అంటూనే ఎక్కింది. లోపల ఏసీ చల్లగా ఉంది.

ఈసారి కారు తిన్నగా పోయింది. మామకు భయపడి ప్రసాద్ రెండు చేతులతో స్టీరింగు బిగించి పట్టుకున్న సంగతి ఎవరూ గమనించలేదు.

ఉదయం మేనేజరు వెనక తలుపు తీసి అంకాలమ్మను చూసి ఆగిపోయాడు. ఆయన ఈ ఏడాదే పట్నం నుంచి వచ్చిన భారీ మనిషి.

"ఈమె ఎవరు?"

"మా అత్త సార్. దారి చూపిస్తాది."

"నీది ఈ ఊరే కదా?"

"అయినా చూపిస్తాది సార్."

మేనేజరు ఎడమ పక్క కూర్చోగానే కారు అటు కుంగింది. అదే సమయానికి ముత్యాలయ్య ఫోన్ చేశాడు. "సారు ఎటు కూర్చున్నాడు? ఎడమా? జరుపురా సామీ!"

"సార్, కొంచెం కుడికి జరగండి."

"అక్కడ మీ అత్త ఉందయ్యా!"

"ఆమె కూడా జరుగుతాది సార్."

అంకాలమ్మ తలుపుకు అతుక్కుపోయింది. వెనక ఇద్దరు మనుషులు, రెండు మూటలు, ఒక వలతో కారు రెండు కిలోమీటర్లు నడిచి, గుంట గట్టు పక్కన ఎడమ ముందు టైరు ఢామ్మని పేల్చుకుని, ఒక రాయికి రిమ్ము కొట్టుకుని ఆగింది.

"స్టెప్నీ వెయ్యి" అన్నాడు మేనేజరు.

"బరువని దింపేసినాం సార్."

మేనేజరు ఉప్పు మూటల వైపు చూశాడు.

కాలు చాపుకుందామని అంకాలమ్మ దిగింది. పక్కనున్నది కంపెనీ గుంటే. నీళ్ళలో వేలాడదీసిన మేత పళ్ళెం పైకి లాగి ఒక రొయ్యను వేళ్ళతో నొక్కింది.

"వీటిని పట్టేదెప్పుడు నాయనా?"

"రేపు."

"రేపు పట్టినావంటే సగం రేటుకు పోతాది. మొన్న అమాసకు పైన గుల్ల విడిచినాయి, కొత్తది గట్టిపడలా, ఒళ్ళు మెత్తగా ఉండాది. నాలుగు దినాలు ఆగు."

మేనేజరు తనూ ఒకదాన్ని నొక్కి చూశాడు. వెంటనే రేపటి పట్టుబడి ఆపమని ఫోన్ చేశాడు.

అమీర్ బాషా ఫోన్‌లో లెక్క చెప్పాడు. ముందు రెండు టైర్లు, కొత్త రిమ్ము, పైన ఆ రెండున్నర వేలు. మొత్తం ముప్పై వేల ఐదు వందలు. ముత్యాలయ్య వినపడనట్టు సముద్రం వైపు చూశాడు.

ఆ సాయంత్రమే కంపెనీ నుంచి ఫోన్ వచ్చింది. ప్రసాద్ గబుక్కున ఎత్తాడు.

"మీ అత్తకివ్వు" అన్నాడు మేనేజరు.

అంకాలమ్మ రోజూ ఉదయం గుంటల్లో రొయ్యలు చూసి చెప్పాలి, నెల జీతం. బండి కంపెనీయే పంపుతుంది. నెల బాడుగ అల్లూరులో కారు తిప్పే టైటస్‌కు ఖాయమైంది. అతను ఆరు నెలలకోసారి తప్పకుండా అలైన్‌మెంట్ చేయిస్తాడట.

మరునాడు ఏడింటికి ఆ కారు ఇంటి ముందు ఆగింది. ప్రసాద్, ముత్యాలయ్య అరుగు మీద పక్కపక్కనే కూర్చుని ఉన్నారు.

"ఏమే, పోతా ఉండావా?" అన్నాడు ముత్యాలయ్య.

అంకాలమ్మ చెంగు బిగించుకుని, వాళ్ళ మధ్య నుంచే మెట్లు దిగి వెళ్ళి కారెక్కింది.

ఎడమ పక్కనే కూర్చుంది.