తోసినవాళ్ళకే సీటు

బాపిరాజుకి భార్య ఒక్కతే గానీ, ఇంట్లో సవతి పోరు మాత్రం తప్పలేదు. ఆ సవతి ఎర్రగా, పొట్టిగా, నెత్తిమీద టాపు లేకుండా ఉండేది. పుట్టిల్లు ఇంగ్లండు, పుట్టిన సంవత్సరం అరవై మూడు. హైదరాబాదులో ఎవరో నవాబుగారి బంగళా ఖాళీ చేస్తూ సామాన్లు అమ్మేస్తున్నారంటే, వరండాలోకి కుర్చీలు తెమ్మని కమలాకుమారి మొగుణ్ణి పంపింది. ఆయన సాయంత్రానికి ఓ స్పోర్ట్స్ కారుతో దిగాడు.

"కుర్చీలేవండీ?"

"రెండున్నాయి కదే, లోపల!"

ఆ రెండు సీట్ల గురించే ఈ కథంతా.

బాపిరాజు భీమవరం వైపు నుంచి ఉద్యోగానికొచ్చి, పటాన్‌చెరు దగ్గర ఓ వాల్వుల ఫ్యాక్టరీలో సూపర్‌వైజరై, ఆ పక్కనే ఇల్లు కట్టుకుని స్థిరపడ్డాడు. ఫ్యాక్టరీలో ఆయన మాటకి పెద్ద పెద్ద మిషన్లు కదిలేవి. ఇంట్లో కారొక్కటే కదిలేది కాదు.

దానికి రెండు కార్బొరేటర్లు. పెట్రోలుని గాలితో కలిపి ఇంజనుకి వడ్డించడం వాటి పని. కానీ అవి పడని తోటికోడళ్ళు. ఒకటి ఎక్కువ వడ్డిస్తే రెండోది అలిగి గరిటె పక్కన పెట్టేసేది. అందుకని పొద్దున్నే వీధి జనమంతా వచ్చి తోస్తే తప్ప కారు స్టార్టయ్యేది కాదు.

ఊరికే ఎవరు తోస్తారు? రాజు ఓ రూలు పెట్టాడు: తోసినవాళ్ళకే పక్క సీటు. ఒకరోజు ఎదురింటి శివమ్మ కూరగాయల మార్కెట్టుకి, మర్నాడు పక్కింటి త్రినాథరావు బ్యాంకుకి, ఇలా వంతులవారీగా దర్జాగా వెళ్ళేవారు. కమలాకుమారి మాత్రం రోజూ తోసేది. ఇంటావిడ కదా, సీటు బయటివాళ్ళకిస్తేనే మర్యాద. వీధిలో ఆయన్ని "తోపుడుబండి రాజుగారు" అనేవాళ్ళు. ఆయన వినబడనట్టు హారన్ కొట్టేవాడు.

రెండువేల ఒకటో సంవత్సరం వానాకాలంలో ఓ సాయంత్రం, పొద్దున కారు తోసిన చేతులు ఒత్తుకుంటూ కమలాకుమారి అడిగింది.

"ఏవండీ, మన కారుకి ముందు దీపాలున్నాయటగా, నిజమేనా?"

"అదేం ప్రశ్నే?"

"ఏమో, నేనెప్పుడూ వెనక నంబరు ప్లేటే చూశాను."

రాజు కాఫీలో ముఖం దాచుకున్నాడు.

"పోనీ నాకు నడపడం నేర్పండి. స్టీరింగు దగ్గర కూర్చున్నవాళ్ళు తొయ్యక్కర్లేదు కదా."

"స్పోర్ట్స్ కారు నడపడమంటే రోట్లో పచ్చడి నూరడం కాదు కమలా. మగాడి చేతికే సగం లొంగుతుంది."

"లొంగేదైతే వీధంతా ఎందుకు తోస్తోంది?"

రాజు కప్పు పట్టుకుని వరండాలోకి జారుకోబోయాడు. ఆవిడ అడ్డంగా నిలబడి తీర్పు చెప్పేసింది. దసరానాడు తను ఆ కారులో కూర్చుని సింగూరు డ్యాం చూడాలి. కారుమీద చెయ్యి ఆన్చేది లేదు. కుదరకపోతే కారు పాతసామాన్లవాడికి, షెడ్డు మునగమొక్కకి. మొక్క కూడా అప్పటికే వెనకింటి ముత్యమ్మకి చెప్పి పెట్టిందట.

రాజుకి ఆ రాత్రి కలలో ములక్కాడలు వచ్చాయి.

మర్నాడు ఇస్నాపూర్‌లో మెకానిక్ ఐలన్న షెడ్డులో మంతనాలు జరిగాయి. ఐలన్నకి ట్రాక్టర్లు తెలుసు, లారీలు తెలుసు, ధైర్యం ఇంకా బాగా తెలుసు.

"సార్, గీ కార్బొరేటర్ల లొల్లి మనకెందుకు? పీకి పడేద్దాం. కొత్త కార్లల్ల ఫ్యూయల్ ఇంజెక్షన్ వస్తున్నది గదా. ఒక పంపు, నాలుగు జెట్లు, ఒక కంప్యూటర్ డబ్బా. ఎంత పెట్రోల్ గావాల్నో డబ్బానే లెక్క జూస్కుంటది. తాళం తిప్పితె సాలు, బండి రయ్యిమంటది."

"నువ్వెప్పుడైనా బిగించావా?"

"లేదు సార్. గిదే ఫస్టు. ఫస్టుది మంచిగ జేస్త."

రాజుకి ఆ లాజిక్కు నచ్చింది. యాక్సిడెంటయిన ఓ కొత్త కారు నుంచి సామాను సంపాదించారు. ఇంట్లో మాత్రం "పెయింటింగుకిచ్చాను" అని చెప్పాడు. అంతలోనే శివమ్మ ఆయన్ని గేటు దగ్గర పట్టుకుంది. "ఏంది సారూ, బండికి ఇంజెక్షన్ ఇప్పిస్తున్నవంట? జరమొచ్చిందా?"

రహస్యం పటాన్‌చెరులో అంతకన్నా ఎక్కువసేపు నిలవదు.

పని నెలలు పట్టింది. మొదటిసారి బిగించినప్పుడు పెట్రోలు ఇంజనులోకి కాకుండా ఐలన్న మీసాల్లోకి వెళ్ళింది. రెండోసారి కారు స్టార్టయింది, కానీ ఆపితే ఆగలేదు. కంప్యూటరుకున్న రేకు పెట్టె యాక్సిడెంటులో నలిగిపోయింది. దానికి సరిపడే గట్టి స్టీలు డబ్బా ఎక్కడా దొరక్క, రాజు ఓ మధ్యాహ్నం వంటింట్లోంచి ఒకటి చంకలో పెట్టుకుని జారుకున్నాడు. ఆ వారమంతా ఇంట్లో పోపు లేని చారే గతయింది.

"నా పోపుల డబ్బా కనబడ్డం లేదండీ."

"పిల్లి..." అన్నాడు రాజు, ఇంకేం తోచక.

"ఆవాలు తినే పిల్లా!" అని ఊరుకుంది. ఆ ఊరుకోవడానికే ఆయనకి భయం వేసింది.

ఆవిడకీ ఆ రోజుల్లో ఓ కొత్త అలవాటయింది. రోజూ సాయంత్రం వీధి చివర వెంకటరమణమ్మగారింట్లో భజనకని వెళ్ళి, చెమటలు కక్కుతూ వచ్చేది. భజనకింత చెమటేమిటా అని ఆయన అనుకోలేదు. ఆయన బుర్రంతా పంపులో ఉంది. ఓసారి పేపరు ముందేసుకుని అడిగింది.

"క్లచ్చు ఏ కాలితో తొక్కుతారండీ?"

"నీకెందుకే?"

"గళ్ళనుడికట్టు పూరిస్తున్నాను. మూడక్షరాలు."

"ఎడమ."

"ఆఁ, సరిపోయింది."

దసరా ముందురోజు సాయంత్రం కారు ఇంటికొచ్చింది. రాజు తాళం సగం తిప్పగానే వెనకనుంచి పంపు "గుయ్య్..." మంది. పూర్తిగా తిప్పగానే ఇంజను అందుకుంది. ఎవ్వరూ తొయ్యలేదు! ఆయన కళ్ళలో నీళ్ళు తిరిగాయి. వీధిలోకి వచ్చి అందరికీ వినబడేలా ప్రకటించాడు. "ఇవాళ్టి నుంచి నా కారుని ఎవ్వరూ ముట్టుకోనక్కర్లేదు! తోపుళ్ళు బంద్!"

శివమ్మ, త్రినాథరావు ముఖాలు చూసుకున్నారు. ఏళ్ళ తరబడి భుజమిచ్చినవాళ్ళకి ఆ మాట కాస్త కలుక్కుమంది.

ఐలన్న వెళ్తూ వెళ్తూ గేటు దగ్గర ఆగాడు. "సార్, ఒక్క ముచ్చట యాదికుంచుకో. పంపుని సీదా తాళానికే కలిపిన. ఇంజన్ స్టార్ట్ జెయ్యకుండ ఉత్తగ తాళం తిప్పి పెడితె, బ్యాటరీ మొత్తం గుంజుకుంటది."

"నాకు తెలీదా ఐలన్నా!" అన్నాడు రాజు. అరుగుమీద బంతిపూలు గుచ్చుతున్న కమలాకుమారి ఆ మాట విని, ఇంకో పువ్వు గుచ్చింది.

పండగ పొద్దున కారుకి పూజ. నాలుగు చక్రాల కింద నాలుగు నిమ్మకాయలు, బానెట్‌కి బంతిపూల దండ. కమలాకుమారి లోపలికి వంగి కంప్యూటరుకి బొట్టు పెట్టబోయి ఆగిపోయింది.

"ఇది నా పోపుల డబ్బా కదూ?"

"కాదు కాదు, కంప్యూటరు."

"కంప్యూటరు మెంతుల వాసనొస్తుందాండీ?"

రాజు పంచె సర్దుకోవడంలో మునిగిపోయాడు. ఆవిడ కోప్పడుతుందనుకున్నాడు. ఆవిడ తీయగా నవ్వింది. "పోనీలెండి. ఆ పంపు ఏదో పాడుతుందటగా, శివమ్మకి వినిపించండి."

రాజు పొంగిపోయి తాళం సగం తిప్పాడు. గుయ్య్... "బాగున్నది సారూ" అంది శివమ్మ. అంతలో కమలాకుమారి త్రినాథరావుని పిలుచుకొచ్చింది. "అన్నయ్యగారు వినలేదు పాపం." గుయ్య్... తర్వాత వెంకటరమణమ్మగారు. ఆవిడకి చెవుడు, కాబట్టి చాలాసేపు గుయ్య్... పులిహోర తిన్నవాళ్ళంతా పంపు వినే వెళ్ళారు.

ఇక ముహూర్తం. రాజు నల్ల కళ్ళద్దాలు పెట్టుకుని, తాళం పూర్తిగా తిప్పాడు.

"టక్" మంది. మళ్ళీ తిప్పితే ఆ టక్ కూడా అనలేదు.

పండగ భోజనానికొచ్చిన ఐలన్న తల పట్టుకున్నాడు. "జెప్పిన గద సార్! బ్యాటరీల సెల్ఫ్ కొట్టే దమ్ము పోయింది. కంప్యూటర్ బతికెటంత ఉన్నది. నూకితె పట్టుకుంటది."

రాజు ఆశగా వీధివైపు చూశాడు.

"ముట్టద్దన్నవు గద సారూ," అంది శివమ్మ కొత్త చీర కొంగు సర్దుకుంటూ.

"నాది పట్టుపంచె," అన్నాడు త్రినాథరావు.

"నాకు నడుంనొప్పి సార్," అన్నాడు ఐలన్న, అప్పుడే మొదలైన నొప్పితో.

రాజు భార్య వైపు తిరిగాడు. మునగమొక్క కళ్ళముందు ఊగింది. చెయ్యి ఆన్చనంది కదా, ఎలా అడగడం?

"నేను తోస్తాలే కమలా. నువ్వు ఊరికే స్టీరింగు పట్టుకో. నేను అరవగానే ఎడమ కాలు..."

"...క్లచ్చు మీంచి తియ్యాలి. తెలుసు," అంది ఆవిడ, అప్పటికే స్టీరింగు ముందు కూర్చుని.

ఆయన నంబరు ప్లేటుకి చేతులానించి తోశాడు. ఇంతకాలం దాన్ని అంత దగ్గరగా చూడనేలేదు. నిమ్మకాయలు చితికాయి. వీధి సగం దాటేసరికి కారు ఓ కుదుపు కుదిపి రయ్యిమంది. ఆగలేదు. ఆవిడ గేరు మార్చింది! మలుపు దగ్గర చెయ్యి చాచి సిగ్నలిచ్చి, చుట్టూ తిప్పి, వెనక్కి తెచ్చి, ఆయన ముందు నిలిపింది. వీధంతా చప్పట్లు.

"నీకెలా..." అన్నాడు ఆయన ఎగశ్వాసతో.

"భజనండీ," అంటూ పర్సులోంచి కొత్త లైసెన్సు తీసి చూపించింది. "రెండు వీధులవతల డ్రైవింగు స్కూల్లో."

బ్యాటరీ దిగేదాకా పంపు పాట ఎందుకు పాడించిందో ఆయనకి అప్పుడు అర్థమైంది.

ఇంజను ఆపకుండా ఆవిడ పక్క తలుపు తెరిచింది. "రండి. తోసినవాళ్ళకే సీటు. మీరు పెట్టిన రూలేగా."

కంది ఊరు దాటాక రోడ్డుకిరువైపులా పొలాలు. గాలికి ఆవిడ కొంగు ఎగురుతోంది. టాపు లేని కారులో ఆయన మొదటిసారి తల పైకెత్తి చూశాడు. కరెంటు తీగ మీద నీలంగా ఏదో మెరిసింది.

"కమలా, పాలపిట్ట! దసరానాడు కనబడితే శుభమట!"

"మీరు చూడండి. నేను రోడ్డు చూడాలి," అందావిడ. గొంతులో సంతోషం దాచలేదు.

ఇన్నేళ్ళుగా ఆవిడకి ఈ సీటు ఇవ్వనందుకు ఆయనకి సిగ్గేసింది. అయినా సంగారెడ్డి దాటేసరికి చేతులు దురదపెట్టాయి. "వచ్చేటప్పుడు నేను నడపనా?"

"తప్పకుండా. అప్పటిదాకా ఎందుకు, ఇక్కడే ఇంజనాపి మారుదామా? ఒకవేళ మళ్ళీ స్టార్టవకపోతే మాత్రం..."

రాజు వెనక్కి తిరిగి ఖాళీ రోడ్డు చూశాడు. ముందుకు తిరిగి సీట్లో సర్దుకున్నాడు.

"వద్దులే," అన్నాడు. "పోనీ."